గెలిచినవాళ్ల కన్నీళ్లేనా మనం చూసేది?



2025 అక్టోబరు 30 రాత్రి నవీ ముంబైలో జరిగిన మహిళల ప్రపంచ కప్ సెమీఫైనల్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆస్ట్రేలియా 338 పరుగులు కొట్టింది. మహిళల వన్డే క్రికెట్‌లో అంత స్కోరును అప్పటిదాకా ఎవరూ ఛేదించలేదు. మనవాళ్లు ఛేదించారు, అదీ ఇంకా తొమ్మిది బంతులు మిగిలుండగానే. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో చివరిదాకా నిలబడింది. గెలిచాక మైదానంలోనే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఇన్నింగ్స్ గురించి ఇప్పటికే ఎంతోమంది మాట్లాడారు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ తర్వాత విలేఖరుల ముందు ఆమె చెప్పిన సంగతుల గురించి. టోర్నీ మొదట్లో తాను తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని చెప్పింది. మ్యాచ్‌లకు ముందు అమ్మకు ఫోన్ చేసి, మాట్లాడినంతసేపూ ఏడుస్తూనే ఉండేదట. లోపలంతా మొద్దుబారిపోయి ఏం చేయాలో తోచేది కాదట. ఇదంతా ఎందుకు బయటపెడుతున్నదీ కూడా చెప్పింది. వింటున్నవాళ్లలో ఇదే బాధ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉండొచ్చని, తమ బలహీనత గురించి చెప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుకే తాను చెబుతున్నానని ఆమె ఉద్దేశం.

ఆ రోజుల్లో తనకు తోడున్నవాళ్ల పేర్లు కూడా చెప్పింది. వాళ్లలో మన హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి ఉంది. దాదాపు రోజూ అరుంధతి ముందు ఏడ్చేదట జెమీమా. చివరికి "నువ్వు నా ఎదుటికి రావొద్దు, నిన్ను చూస్తేనే ఏడుపొస్తోంది" అని నవ్వులాటగా అనేదట. అయినా అరుంధతి ప్రతిరోజూ వచ్చి ఎలా ఉన్నావని అడిగి వెళ్లేది. స్మృతి మంధానా అయితే నెట్స్ దగ్గరికి వచ్చి, పెద్దగా మాటలేమీ లేకుండా, ఊరికే పక్కన నిలబడేదట.

అరుంధతికి ఆ ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. ఆటలు తెలిసినవాళ్లకు ఆ పరిస్థితి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. సొంత గడ్డ మీద ప్రపంచ కప్ జరుగుతుంటే, జట్టులో ఉండి కూడా నీళ్ల సీసాలు అందిస్తూ బౌండరీ బయట కూర్చోవాలి. అలా కూర్చున్న మనిషి, ఆడుతున్న మనిషి ఏడుపు విన్నది. సెమీఫైనల్ స్కోర్‌కార్డులో ఆ పని ఎక్కడా నమోదు కాలేదు. నా మటుకు నాకు ఆ విజయంలో ఆమె వాటా చిన్నదేమీ కాదు.

ఆ ఏడుపు వెనక కారణాలు కూడా ఉన్నాయి. శ్రీలంక మీద మొదటి మ్యాచ్‌లో జెమీమా మొదటి బంతికే అవుటైంది. మన విశాఖపట్నంలో దక్షిణాఫ్రికా మీద మళ్లీ సున్నా. ఇండోర్‌లో ఇంగ్లండ్ మ్యాచ్‌కు జట్టులోంచే తీసేశారు. అంతకుముందు ప్రపంచ కప్‌కు అసలు ఎంపికే చేయలేదు, ఇప్పుడు ఎంపిక చేసి పక్కన పెట్టారు. ఆ సమయంలో ఆమె పళ్లు బిగపట్టి, ఏమీ లేదన్నట్టు నటించి ఉంటే సెమీఫైనల్‌లో ఏం జరిగేదో నేను చెప్పలేను. ఏడ్చినందువల్లే 127 కొట్టిందని అనడం కూడా అమాయకత్వమే అవుతుంది. ఏడ్చి సున్నాకే అవుటైనవాళ్లూ లోకంలో బోలెడంతమంది. కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. తన పరిస్థితి ఏమిటో ఆమెకు తెలుసు, ఆమె పక్కనున్నవాళ్లకూ తెలుసు. దాచిపెట్టే శ్రమ ఆమెకు తప్పింది.

ఆ శ్రమ మామూలుది కాదు. విరాట్ కోహ్లీని చూడండి. దూకుడుకు మారుపేరుగా మనం చెప్పుకునే మనిషి. 2014 ఇంగ్లండ్ పర్యటనలో టెస్టుల్లో పది ఇన్నింగ్స్‌లు ఆడి 134 పరుగులు చేశాడు. చుట్టూ ఇంతమంది జనం ఉన్నా ఆ రోజుల్లో తనంత ఒంటరి లోకంలో లేడనిపించిందని బయటకు చెప్పింది 2021లో. అంటే ఏడేళ్లు పట్టింది. 2022 ఆగస్టులో ఇంకో మాట చెప్పాడు. లేని ఉత్సాహాన్ని తెచ్చిపెట్టుకుని ఆడుతున్నానని ఆలస్యంగా తెలుసుకున్నానని, పదేళ్లలో మొదటిసారి నెలరోజులు బ్యాట్ ముట్టుకోలేదని. ఆ మరుసటి నెలలోనే దుబాయ్‌లో అఫ్గానిస్థాన్ మీద సెంచరీ కొట్టాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో దాదాపు మూడేళ్ల తర్వాత వచ్చిన సెంచరీ అది.

ఇంగ్లండ్ ఓపెనర్ మార్కస్ ట్రెస్కోథిక్ 2006లో మన దేశ పర్యటన మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. అప్పుడు వ్యక్తిగత కారణాలన్నారు, ఆ తర్వాత వైరస్ సోకిందన్నారు. అసలు కారణం కుంగుబాటు. అది తన నోటితో తాను చెప్పడానికి 2008లో ఆత్మకథ రాసేదాకా ఆగాల్సి వచ్చింది. వైరస్ అంటే సిగ్గుపడక్కర్లేదు, మనసు బాగాలేదంటే సిగ్గుపడాలి. ఆ లెక్క మనకూ కొత్తది కాదు.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ పరుగుల సంగతులు. పరుగులు పోతే మళ్లీ చేసుకోవచ్చు. ప్రాణాలతో చెలగాటమైన ఆటలూ ఉన్నాయి. జిమ్నాస్టిక్స్ అలాంటిది.

1978లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన సోవియట్ అమ్మాయి ఎలీనా ముఖీనా. మరుసటి ఏడాది కాలు విరిగింది. ఎముక సరిగ్గా అతకకముందే మళ్లీ సాధన మొదలుపెట్టించారు, ఎందుకంటే 1980 ఒలింపిక్స్ మాస్కోలోనే. సొంత ఊళ్లో పతకం కావాలి. ఆమెతో చేయించాలనుకున్న విన్యాసం పేరు థామస్ సాల్టో. గాల్లో పల్టీ కొడుతూ, మెలి తిరుగుతూ వచ్చి తల కిందికి పెట్టి నేల మీద దొర్లాలి. లేశమంత ఎత్తు తగ్గినా మెడ మీద పడతారు. తన మెడ విరిగిపోతుందని ఆమె కోచ్‌తో ఎన్నోసార్లు మొరపెట్టుకుంది. నీలాంటివాళ్లకు మెడలు విరగవని జవాబు. 1980 జులై 3న మిన్స్క్‌లో సాధన చేస్తూ పడిపోయింది. ఒలింపిక్స్ మొదలవడానికి ఇంకా పదహారు రోజులుంది. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. మరో ఇరవై ఆరేళ్లు అలాగే మంచంలో బతికి 2006లో చనిపోయింది.

ఆమె తర్వాతి కాలంలో ఒక సంగతి చెప్పింది. నేల మీద పడి ఉన్నప్పుడు మొదట మెదిలిన ఆలోచన, హమ్మయ్య, ఇక ఒలింపిక్స్‌కు వెళ్లక్కర్లేదు అన్నదట. మెడ విరిగిన పిల్లకు కలిగిన ఊరట అది. భయమేస్తోందని చెప్పినా వినేవాళ్లు లేని చోట, ఆగడానికి ఆమెకు ఇంకో దారి మిగల్లేదు.

ఇప్పుడు టోక్యో ఒలింపిక్స్‌కు రండి. 2021 జులై 27. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాల్ట్ మీదకు పరుగెత్తింది. గాల్లో రెండున్నర మెలికలు తిరగాలి. ఒకటిన్నర దగ్గరే ఆగిపోయి ఎలాగో కాళ్ల మీద దిగింది. గాల్లో ఉండగా పైనేదో కిందేదో తెలియని స్థితి అది. జిమ్నాస్ట్‌లు దానికి ట్విస్టీస్ అని పేరు పెట్టుకున్నారు. కళ్లు బాగానే ఉంటాయి, కండరాలూ బాగానే ఉంటాయి, మెదడుకూ ఒంటికీ మధ్య లంకె తెగిపోతుంది. బైల్స్ అక్కడికక్కడే కోచ్‌లతో మాట్లాడి జట్టు పోటీ నుంచి తప్పుకుంది. తర్వాత వ్యక్తిగత పోటీలు కూడా ఒక్కొక్కటిగా వదిలేసింది. వారం తర్వాత బీమ్ మీదకు మాత్రం వచ్చింది, దిగేటప్పుడు మెలికలు లేని విన్యాసం ఎంచుకుని. కాంస్యం దక్కింది.

ఆ వారమంతా ఆమెను తిట్టినవాళ్లు ఎంతమందో. పారిపోయిందన్నారు, జట్టును నడిసముద్రంలో వదిలేసిందన్నారు. ఇంట్లో సోఫాలో కూర్చుని గాల్లో పల్టీల గురించి తీర్పులు చెప్పడం తేలిక. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచాక ఆ నోళ్లు మూతపడ్డాయి. నాకు అక్కడే అభ్యంతరం. పారిస్‌లో ఆమె గెలవకపోయినా టోక్యోలో చేసింది సరైన పనే. బైల్స్ మాట విన్నారు, ముఖీనా మాట వినలేదు. ఆ రెండు జీవితాల మధ్య తేడా మొత్తం అందులోనే ఉంది.

మన దగ్గరికి వస్తే, బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు కథ ఒకటి మీరు వినే ఉంటారు. గచ్చిబౌలి అకాడమీలో కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లూ కోచ్‌లూ చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. సింధు స్వతహాగా మెతక మనిషి, నోరెత్తలేకపోయింది. ఏడ్చింది. చివరికి అరిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో పాయింటు పాయింటుకూ ఆమె వేసిన కేకలు మనందరం విన్నాం. ఈ కథను మనం కోచ్ పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. నిజమే, గోపీచంద్ పద్ధతి ఫలించింది, కాదనేవాళ్లు లేరు. అయితే నాకు ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. లోపల ఉన్నదాన్ని బయటకు తేవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని, అది ఆటకు అక్కరకొస్తుందని ఆ కోచ్ నమ్మారు. కోపాన్ని వెళ్లగక్కడం నేర్పడానికి అంత శ్రమ పడతాం కదా, భయాన్ని చెప్పుకోవడం నేర్పడానికి అందులో పావు వంతైనా పడుతున్నామా?

మహ్మద్ సిరాజ్ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా హైదరాబాద్‌లో తండ్రి మహ్మద్ గౌస్ చనిపోయారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి. ఇంటికి వెళ్తావా అని బోర్డు అడిగింది. ఉంటానన్నాడు. మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయ గీతం వస్తుండగా కన్నీళ్లు ధారగా కారాయి. తుడుచుకున్నాడు, దాచుకోలేదు. బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. తిరిగొచ్చాక విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

సిరాజ్‌ను మెచ్చుకోవాల్సిందే. కానీ ఉండిపోవడమే వీరత్వమని దాన్నొక కొలబద్ద చేసేస్తే చిక్కు. 1999 ప్రపంచ కప్ మధ్యలో తండ్రి చనిపోతే సచిన్ టెండూల్కర్ ముంబైకి వచ్చాడు, అంత్యక్రియలు చూసుకుని వెళ్లి బ్రిస్టల్‌లో కెన్యా మీద 140 కొట్టాడు. ఒకరు వెళ్లారు, ఒకరు ఉన్నారు. ఎవరి మనసు ఏది అడిగితే అది చేశారు. ఆ ఇద్దరినీ అలా చేయనిచ్చిన జట్లను కూడా మెచ్చుకోవాలి.

చదరంగం కూడా ఆటేగా. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, చెన్నైలో పుట్టి పెరిగిన మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పద్దెనిమిదేళ్ల వాడు బల్ల ముందు మొహం కప్పుకుని ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, పావులన్నిటినీ తిరిగి వాటి గళ్లలో పేర్చాడు. ఆ దృశ్యం మనకు గుర్తుంది. ఎదుటి కుర్చీలో కూర్చున్న డింగ్ లిరెన్ గుర్తున్నాడా? 2023లో కిరీటం గెలిచాక కుంగుబాటుతో, నిద్రలేమితో బాధపడ్డానని దాచకుండా చెప్పిన చైనా ఆటగాడు. గుకేశ్‌తో పోటీలో నిలవలేడని జోస్యాలు చెప్పారు. మొదటి గేమ్ గెలిచి, పన్నెండో గేమ్ గెలిచి, చివరిదైన పద్నాలుగో గేమ్ దాకా లాక్కొచ్చాడు. గెలిచిన రోజు గుకేశ్ ముందుగా పొగిడినది ఆ మనిషినే. డింగ్ ఓడిపోయాడు కాబట్టి అతని గురించి మన పేపర్లలో వచ్చింది చాలా తక్కువ.

గెలిస్తే అంతా బాగైపోతుందనుకోవడం ఇంకో భ్రమ. 2008లో బీజింగ్‌లో షూటర్ అభినవ్ బింద్రా మన దేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. తన జీవితంలో మానసికంగా అతిపెద్ద సంక్షోభం ఆ విజయం తర్వాతే వచ్చిందని తరచూ చెబుతాడు. ఏళ్ల తరబడి ఒకే లక్ష్యం. అది చేతికి అందాక మర్నాడు పొద్దున్న లేచి ఏం చేయాలి? ఇరవై మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు కూడా ఒక దశలో బతకాలనే లేకపోయింది. గది దాటి బయటకు రాని రోజులున్నాయని ఆయనే చెప్పాడు.

ఇదంతా విని పాతకాలపు వ్యాయామ ఉపాధ్యాయులు ఒక ప్రశ్న అడుగుతారు. "ఏమండీ, ఇలా అందరూ ఏడుస్తూ కూర్చుంటే ఆటెవరు ఆడతారు? మేం చెప్పులు లేకుండా పరుగెత్తాం, మాకేమైంది?" అని. న్యాయమైన ప్రశ్నే. గుండె దిటవు లేకుండా ఆట లేదు. పొద్దున్నే అయిదింటికి లేచి, చలిలో, ఒళ్లు నొప్పులతో మైదానానికి వెళ్లడం బేలతనంతో అయ్యే పని కాదు. కానీ ఆ పాతకాలంలో ఎంతమంది మంచి ఆటగాళ్లు ఉన్నట్టుండి బూట్లు మూలన పడేసి ఇంటికి వెళ్లిపోయారో, ఎందుకు వెళ్లారో ఎవరైనా అడిగారా? తట్టుకున్నవాళ్లు మన ముందు నిలబడి మాట్లాడుతున్నారు. తట్టుకోలేనివాళ్లు ఇక్కడ లేరు. అందుకని లెక్క ఒకవైపే కనిపిస్తోంది.

మనసు విప్పడమంటే కెమెరా ముందు ఏడవడమని కూడా అనుకోవద్దు. 2021లో జపాన్ టెన్నిస్ క్రీడాకారిణి నవోమీ ఒసాకా ఫ్రెంచ్ ఓపెన్‌లో విలేఖరుల ముందుకు రాలేనని చెప్పింది. పదిహేను వేల డాలర్ల జరిమానా వేశారు, ఇలాగే చేస్తే టోర్నీల నుంచే తీసేస్తామన్నారు. ఆమె టోర్నీ వదిలేసి వెళ్లిపోయింది, 2018 నుంచి కుంగుబాటుతో పోరాడుతున్నానని అప్పుడు చెప్పింది. ఎవరితో చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఆటగాళ్ల ఇష్టం. ఓడిన పిల్ల మొహం మీదకు కెమెరా తిప్పి, కన్నీటి బొట్టును స్లో మోషన్‌లో నాలుగుసార్లు చూపించే టీవీలవాళ్లు ఈ మాట కాస్త వినాలి.

జెమీమా చెప్పుకోగలిగింది. మన జిల్లా స్థాయి పిల్లలు చెప్పుకోగలరా అన్నది అసలు సమస్య. మోకాలు వాచిందంటే ఐస్ పెడతారు, రెండు రోజులు పరుగు ఆపమంటారు. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు సార్, స్టార్టింగ్ లైన్ దగ్గర చేతులు వణుకుతున్నాయి" అంటే ఏమవుతుంది? ఆ సంగతి సెలక్షన్ల దాకా పాకుతుందని పిల్లలకు భయం. వీడు ఒత్తిడి తట్టుకోలేడని ఒక్కసారి పేరు పడితే జట్టులో చోటు పోతుంది. క్రీడా పాఠశాలలో సీటే ఇంటికి ఆధారమైన పిల్లకు ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకే దాచుకుంటారు. ఇది పిల్లల తప్పు కాదు. నిజం చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం ఉన్నంతకాలం ఎవరైనా దాస్తారు. మనసు బాగాలేదని చెప్పిన పిల్లల్ని ఆ ఒక్క కారణంతో జట్టులోంచి తీయబోమని కోచ్ సీజన్ మొదటి రోజునే అందరి ముందూ చెప్పాలి. చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. దీనికి డబ్బులేమీ ఖర్చు కావు.

ఇక అమ్మానాన్నలు. ఏ ఊళ్లోనైనా ఆదివారం సాయంత్రం అకాడమీ గేటు దగ్గర నిలబడి చూడండి. పన్నెండేళ్ల కుర్రాడు తనంత ఎత్తున్న కిట్‌బ్యాగు ఈడ్చుకుంటూ వస్తాడు. స్కూటర్ మీద కూర్చున్న నాన్న దిగడు. "ఎంత కొట్టావ్?" అని మొదటి ప్రశ్న. వాడు చెబుతాడు. "ఆ బంతికి ఆ షాట్ ఎందుకు కొట్టావ్?" అని రెండోది. బ్యాగు ముందు పెట్టి, వాడు వెనక ఎక్కుతాడు. ఇల్లు చేరేదాకా ఆ షాట్ గురించే. ఆ నాన్న చెడ్డవాడేం కాదు. ఫీజులకు అప్పు చేసి ఉంటాడు, ఆఫీసులో పర్మిషన్ అడిగి వచ్చి ఉంటాడు. కానీ ఆ కుర్రాడికి రేపు నిజంగా భయమేస్తే, ఆ స్కూటర్ మీద వెనక కూర్చుని చెప్పగలడా?

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు, పీఈటీ మాస్టర్లకు, కోచ్‌లకు నా విన్నపం ఒక్కటే. ఓడి వచ్చిన రోజు స్కోరు అడక్కండి. అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి. పిల్లలు మాట్లాడితే వినండి, మధ్యలో అందుకుని సలహాలివ్వకండి. మాట్లాడకపోతే ఊరుకోండి, మర్నాడు మళ్లీ పక్కన కూర్చోండి. నిద్ర, తిండి తగ్గిపోయి, ఇష్టమైన ఆటే వద్దనే పరిస్థితి వారాల తరబడి సాగుతుంటే డాక్టరుకు చూపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫోనుకు డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఆటలాడే పిల్లలున్న ఇళ్లలో ఆ నంబరు రాసిపెట్టుకోండి. మరోసారి చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.